మా బియర్డెడ్ డ్రాగన్ గూడు సరిచేసిన విధానం

ఒంగోల్లో మా బియర్డెడ్ డ్రాగన్ (ఆస్ట్రేలియా జాతి పెంపుడు బల్లి) మార్చి నుంచి మేత సరిగా తినడం మానేసి, రోజంతా నోరు తెరుచుకుని మూలన పడి ఉండేసరికి చాలా టెన్షన్ పడ్డాను. తప్పు దాని గాజు గూటిలోనే ఉంది. అద్దానికి అంటించిన థర్మామీటర్ 38 చూపిస్తోంది, అది అద్దం దగ్గరి వేడి. వైరు చివర సెన్సార్ ఉండే డిజిటల్‌ది కొని, వేడి బల్బు కింద రాయి మీద పెడితే 52 డిగ్రీలు! అక్కడ 40 దాకా చాలు, చల్లటి వైపు 25 నుంచి 28 మధ్య ఉండాలి.

బల్బు పైకి జరిపాను. మార్కాపురం పలకరాళ్లు మెట్లలా పేర్చాను, ఏ మెట్టు మీద ఎంత వేడి కావాలో అదే చూసుకుంటుంది. రాళ్లు మట్టి మీద పెట్టకండి, డ్రాగన్ కింద తవ్విందంటే దాని మీద పడతాయి, ముందు రాళ్లు అడుగున ఆనించి, తర్వాత జల్లించి ఎండబెట్టిన ఎర్రమట్టి, ఇసుక కలిపి పోశాను. ఎక్కడానికి సరుగుడు కొమ్మ, అదీ ఆస్ట్రేలియాలో పెరిగే చెట్టే, దీనిలాగే.

కిటికీ ఎండ చాలనుకోవద్దు, దానికి కావాల్సిన యూవీబీ (ఎండలోని ఒక రకం అతినీలలోహిత కిరణాలు)ని అద్దం ఆపేస్తుంది, యూవీబీ ఇచ్చే ట్యూబ్ లైటు కావాల్సిందే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం వేడి బల్బు ఆపేసి గదిలో కూలర్ వేస్తున్నాను.

పదో రోజుకి పై మెట్టెక్కి కూర్చుంది, మునగాకు తింది.