పడినప్పుడల్లా విరిగే క్లచ్ లివర్: నా అనుభవం

పాడేరు వైపు మట్టిదారుల్లో రెండు క్వింటాళ్లు దాటిన అడ్వెంచర్ బైకు నిదానంగానే పక్కకు ఒరుగుతుంది. ఆ బరువంతా క్లచ్ లివర్ కొన మీద పడి అది పుటుక్కున విరుగుతుంది. పడితే మడుచుకునే లివరు, ప్లాస్టిక్ హ్యాండ్‌గార్డులు, ఖరీదైన క్రాష్ గార్డు అన్నీ అయ్యాయి. ఇంజిన్ దక్కింది గానీ లివర్ దక్కలేదు.

చివరికి పనిచేసింది కొళాయి మరలకు చుట్టే తెల్లని టెఫ్లాన్ టేపు! ముందు లివర్‌ను హ్యాండిల్ బారుకు పట్టి ఉంచే క్లాంపు బోల్టులు రెండూ విప్పి, హ్యాండిల్ బారు మీది జిడ్డు తుడిచాను. క్లాంపు కూర్చునే చోట మూడు పొరల టేపు ముడతలు పడకుండా చుట్టాను. తర్వాత క్లాంపు పెట్టి, బోల్టులను మార్చి మార్చి పావు చుట్టు చొప్పున బిగించాను. ఎక్కడ ఆపాలన్నదే అసలు సంగతి. లివర్ కొనను అరచేతితో గట్టిగా నెడితే క్లాంపు మొత్తం తిరగాలి. వేళ్లతో క్లచ్ నొక్కితే మాత్రం కదలకూడదు. ఆఖరున హ్యాండిల్‌ను అటూ ఇటూ పూర్తిగా తిప్పి, కేబుల్ బిగుసుకోవడం లేదని చూసుకున్నాను.

ఆ తర్వాత బండి పడితే లివర్ పక్కకు తిరిగిందంతే, చేత్తో సరిచేసుకుని బయలుదేరాను.

నాది కేబుల్ క్లచ్. హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసేది) అయితే ఆ ద్రవం వెళ్లే గొట్టానికి కదిలే చోటుందో లేదో చూడాలి. బ్రేకు వైపు నేను చేయలేదు, చేయమని చెప్పను కూడా.