ప్రసూతి సెలవు ఇవ్వం అంటే: రాయగడ వైపు పని జరిగిన దారి

ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి ప్రైవేటు బడుల్లో, నర్సింగ్ హోముల్లో తరచూ వినే మాట: "నువ్వు కాంట్రాక్టు మనిషివమ్మా, నీకు సెలవు రాదు." అది పచ్చి తప్పు. పదిమందికి తగ్గకుండా ఉన్న చోట, కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేస్తే చాలు. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, జీతంతో. అందులో కాన్పుకు ముందు వాడుకోగలిగేది 8 వారాలే.

మా దగ్గర పని నడిపించింది కాగితమే. నోటిమాటగా అడిగితే "ఆవిడ అసలు అడగనేలేదు" అనేస్తారు. సెలవు ఏ తేదీ నుంచో రాసి, డాక్టరు చీటీ జతచేసి, రెండో ప్రతి మీద సంతకం, ముద్ర, తేదీ వేయించుకోవాలి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టు. 80 రోజులు పనిచేశారనడానికి వాళ్లు హాజరు పట్టీ చూపించకపోతే, రుజువుగా జీతం పడిన పాసుబుక్కు పేజీలున్నాయి. "రాజీనామా చేసి మళ్లీ చేరు" అంటే మాత్రం సంతకం పెట్టొద్దు. కేసు బలమంతా అక్కడే పోతుంది.

ఆ తర్వాత జిల్లా లేబర్ ఆఫీసు. 2025 నవంబరు 21 నుంచి 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్, 2020 వచ్చింది, ఫిర్యాదులో ఆ పేరే రాయండి. ఒడియా రాయడం రాకపోతే జిల్లా న్యాయ సేవల సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా వకీలు ఉచితం. ఫోన్ 15100. జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత ఉంటే డబ్బిచ్చేది ఈఎస్ఐ, అర్జీ అక్కడే.