సరిహద్దు దారిలో అంబులెన్స్: దీపం, సైరన్, సెట్‌లో మాట

ఆంధ్ర–ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో బండి ఎక్కించిన రోగిని పాతపట్నం మీదుగా శ్రీకాకుళం తీసుకువెళ్ళవలసి రావచ్చు, లేదా మోహన దాటి తప్తపాణి ఘాటు (కొండదారి) దిగి బరంపురం ఎంకేసీజీకి చేర్చవలసి రావచ్చు. (ఆ వైద్య కళాశాల పేరులో ఉన్న కృష్ణచంద్ర గజపతి పర్లాకిమిడి మహారాజే.) ఏ వైపు వెళ్ళినా దారిలో తెలుగూ ఒడియా రెండూ వినబడతాయి. కొత్తగా చేరిన ఈఎంటీలకూ (బండిలో రోగిని చూసుకునే అత్యవసర వైద్య సహాయకులకూ), 108లో మనం పైలట్ అని పిలుచుకునే డ్రైవర్లకూ నేను మొదట చెప్పేది ఒక్కటే. దీపమైనా సైరనైనా వైర్‌లెస్ సెట్ అయినా ఎదుటివాడికి మన సంగతి తెలియజేయడానికే ఉన్నాయి, కాబట్టి అతనికి అర్థమైందో లేదో చూసుకోవడం మన పనిలో భాగమే.

చట్టం మనకు కొంత వెసులుబాటు ఇచ్చింది. మామూలు వాహనాలకు నిషేధించిన పలు స్వరాల హారన్‌ను కేంద్ర మోటారు వాహన నిబంధనలలోని 119వ నిబంధన అంబులెన్సులకు అనుమతిస్తుంది. 2017 మే 1 నుంచి మంత్రుల, అధికారుల కార్ల మీది బుగ్గలు తీసివేసినా అత్యవసర వాహనాలకు దీపాలు మిగిలాయి. అంబులెన్సుకు దారి ఇవ్వనివారికి మోటారు వాహనాల చట్టం 194ఇ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అయితే ఆ సెక్షన్ దారి ఇవ్వనివాడిని శిక్షిస్తుందే తప్ప, కూడలిలో చూసుకోకుండా దూసుకుపోయిన పైలట్‌ను కాపాడదు.

బండి కదలకముందే ఈఎంటీ ఒక నిర్ణయం చేసి పైలట్‌కు చెప్పాలి: ఈ రోగికి నిమిషాలు ముఖ్యమా, కుదుపు లేని ప్రయాణం ముఖ్యమా? రక్తం ఆగనివారికీ, ఊపిరి అందనివారికీ సైరన్ వేయాలి. కాలు విరిగి, నాడి నిలకడగా ఉన్నవారికి హెడ్‌లైట్లు చాలు. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు ఏదీ వేయకూడదు. టీ కోసం సైరన్ మోగించిన బండిని ఊరు చాలా కాలం గుర్తుపెట్టుకుంటుంది. గుర్రపువాతం (ఎక్లాంప్సియా మూర్ఛలు) వచ్చిన గర్భిణికి వెలుతురూ శబ్దమూ ఎంత తగ్గితే అంత మంచిది. పైగా సైరన్ మోగుతున్న బండిలో స్టెతస్కోపుకు ఏమీ వినబడదు, కనుక మణికట్టు దగ్గర నాడి పట్టుకుని పై బీపీ మాత్రమే చూడవలసి వస్తుంది.

ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా లేచి పడే వెయిల్ వేసుకుని, కూడలికో సంతకో కొంచెం ముందుగా వేగంగా కొట్టుకునే యెల్ప్‌కు మార్చాలి, ఎందుకంటే జనం తల తిప్పేది శబ్దానికి కాదు, శబ్దం మారినందుకు. అద్దాలు ఎత్తుకుని పాటలు పెట్టుకున్న లారీ డ్రైవరుకు సైరన్ చాలా ఆలస్యంగా అందుతుంది. మన వేగం పెరిగేకొద్దీ అతనికి ఆ హెచ్చరిక అందే వ్యవధి ఇంకా తగ్గిపోతుంది. వెనకాలే ఆనుకుని మోగిస్తే అతను కంగారులో బ్రేకు వేస్తాడు. అతని చక్రం పక్కకు తిరగడం కంటితో చూశాకే దాటాలి. రెండు అంబులెన్సులు వెంట వెంట వెళుతుంటే రెండోది వేరే స్వరం పెట్టుకోవాలి, లేకపోతే మొదటిది దాటగానే జనం మళ్ళీ రోడ్డు మీదికి వచ్చేస్తారు. సంత రోజున పశువుల మంద ఎదురైతే సైరన్ పూర్తిగా ఆపి, కాపరిని పిలిచి, నడక వేగంతో వెళ్ళాలి. బెదిరిన ఎద్దుకు యెల్ప్ అర్థం కాదు. నౌపడా–గుణుపురం రైలు మార్గం మీద గేటు పడిందంటే ఏ సైరనూ రైలును ఆపదు. ఆ వ్యవధిలో ఆసుపత్రికి సమాచారం ఇవ్వడం మేలు.

ఘాటులో కొండ ప్రతిధ్వని వల్ల సైరన్ ఏ వైపు నుంచి వస్తోందో ఎదుటివాడికి తెలియదు, కాబట్టి అక్కడ మలుపుకు ముందు హారన్, హెడ్‌లైట్ల మీదే ఆధారపడాలి. చలికాలపు పొగమంచులో పైదీపం వెలుగు తిరిగి మన కళ్ళలోనే పడుతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిద్రలో ఉన్న వీధుల్లో రోడ్డు ఖాళీగా ఉంటే దీపాలు సరిపోతాయి. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం, అందుచేత దారి తెరిచి ఉంటే గేటుకు ముందే సైరన్ ఆపాలి.

ఇక సెట్. రోజువారీ పని ఫోన్ మీదే జరుగుతున్నా, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటి తుపానులో టవర్లు కూలితే వైర్‌లెస్సే దిక్కు. 'టెన్-ఫోర్' (సందేశం అందింది) లాంటి కోడ్లు 1930ల చివర అమెరికా పోలీసుల దగ్గర పుట్టాయి. ఆనాటి సెట్లు మీట నొక్కగానే మాట అందుకోలేక మొదటి అక్షరాలను మింగేసేవి, అందుకే ముందు 'టెన్' అనే పదం పెట్టుకున్నారని చెబుతారు. పలు శాఖలు కలిసి పనిచేసే సందర్భాల్లో ఒకరి కోడ్ మరొకరికి తెలియక, చివరకు అక్కడే మామూలు మాటలకు మళ్ళారు. మనం కోడ్లు వదిలేసి, మీట నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడే అలవాటు మాత్రం ఉంచుకోవాలి. జవాబు కావాలంటే 'ఓవర్', ముగించాలంటే 'అవుట్' అనాలి. రెండూ కలిపి అనడంలో అర్థం లేదు.

అంకెల విషయంలో నేనే ఒకసారి దెబ్బతిన్నాను. బీపీ 'డెబ్భై' అని చెబితే అవతల 'తొంభై' అని రాసుకున్నారు, ఆసుపత్రి వాకిట్లో రక్తం సిద్ధంగా లేదు. ఇరవై, అరవై కూడా అలాగే కలిసిపోతాయి. అవతలి గొంతు ఒడియాదైతే ఇబ్బంది ఇంకా ఎక్కువ, సరిహద్దు టవరు వల్ల ఫోన్ అవతలి రాష్ట్రపు కేంద్రానికి కలిసిపోవడమూ జరుగుతుంది. కాబట్టి అంకెలను రెండు వైపులా తెలిసిన ఇంగ్లీషులో, ఒక్కొక్కటిగా పలకాలి. ఊరి పేరుతో పాటు గుడి, వంతెన, పెట్రోలు బంకు వంటి గుర్తు చెప్పాలి. రోగి పేరు, దాచవలసిన జబ్బు బహిరంగ చానెల్‌లో పలకకూడదు.

సందేశం ఇలా ఉంటే చాలు: "మగ, వయసు ఫోర్ ఫైవ్, బైకు ప్రమాదం, తొడ ఎముక విరిగింది, పిలిస్తే పలుకుతున్నాడు. పై బీపీ సెవెన్ జీరో, నాడి వన్ త్రీ జీరో, ఆక్సిజన్ నైన్ వన్. కట్టు కట్టాం, సెలైన్ నడుస్తోంది, టూ జీరో నిమిషాల్లో వస్తాం. ఓవర్." ఆ అంకెలను వాళ్ళు తిరిగి చదివి వినిపించేదాకా సెట్ కింద పెట్టకూడదు.