బండి దీపాలు – 3: ఫాగ్ లైటు గాజు మీది అక్షరాలు

పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుందిగా? రాత్రిపూట బండిని గోడకు ఎదురుగా 5 మీటర్ల దూరంలో నిలిపి, డిమ్ లైటు వేసి, వెలుగు పైఅంచు ఎక్కడ ఆగుతుందో సుద్దముక్కతో గీయమన్నాను. ఆ గీత చెరపొద్దు. ఈ పాఠం చివర దాని కింద ఇంకో గీత గీయాలి.

ఈసారి ఫాగ్ లైట్లు, అందులోనూ ఎల్‌ఈడీవి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మంచు పడేదెన్ని రోజులు, దీనికొక పాఠమా అనుకునేవాళ్లు ధనుర్మాసంలో ఒక్కసారి తెల్లవారుజామున నాలుగున్నరకు కోవూరు నుంచి కావలి దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లి రండి. గాలి కదలకుండా, మబ్బు లేకుండా ఉన్న రాత్రి నేల బాగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలిలోని తేమ సన్నటి నీటిబొట్లుగా మారి అక్కడే నిలబడిపోతుంది. పక్కన వరిమడి, కాలువ, రొయ్యల గుంట ఉన్నచోట తేమకు కొదవేముంది? రెండు కిలోమీటర్లు రోడ్డు తేటగా ఉంటుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి తెల్లటి దుప్పటి.

నేను ఆ దుప్పటిలోకి కొత్త లైట్లతో దూరాను. అట్టపెట్టె మీద 12,000 ల్యూమెన్లని (ల్యూమెన్ అంటే వెలుగు మొత్తానికి కొలత) రాసుంది, ధర తక్కువ, కొట్టతను బంపర్‌కు బిగించి ఇచ్చాడు. మామూలు చీకట్లో పట్టపగల్లా ఉంది. మంచులోకి పోగానే అద్దానికి సున్నం పూసినట్టయింది. లైట్లు ఆపేస్తే కాస్త నయం అనిపించింది. మళ్లీ వేశాను, మళ్లీ సున్నం. ఎదురొచ్చే లారీలు డిప్పర్ మీద డిప్పర్ కొడుతున్నాయి. కావలి ముందు టీ కొట్టు దగ్గర ఆగితే ఒక లారీ డ్రైవర్ దిగి వచ్చి, “ఏందన్నా, బంపర్‌కి సూర్యుణ్ణి కట్టుకొచ్చావే? నాకు రోడ్డు కనపళ్లా” అన్నాడు. నాకూ కనపడలేదని చెప్పడానికి సిగ్గేసింది.

అసలు జరిగిందేమిటంటే, మంచులో ప్రతి నీటిబొట్టూ ఒక చిన్న అద్దం. వెలుగు దాని మీద పడితే నాలుగు వైపులా చెదురుతుంది, కొంత తిరిగి మన కళ్లలోకే వస్తుంది. మనం చూసే దారిలోకి ఎంత వెలుగు పంపితే అంత వెనక్కి వస్తుంది. హై బీమ్ వేస్తే మంచు ఇంకా చిక్కబడినట్టు అనిపించేది అందుకే. కాబట్టి ఫాగ్ లైటు పని దూరం చూపించడం కాదు. వెలుగును చూపు కిందుగా, నేలబారుగా, పక్కలకు బాగా వెడల్పుగా పరచాలి. రోడ్డు అంచు తెల్ల గీత, మట్టి మార్జిన్, ముందున్న కొద్ది మీటర్ల తారు కనపడితే దాని పని అయినట్టే. ఇంకా దూరం కనపడాలంటే వేగం తగ్గించుకోవడమే, దానికి కొట్లో దొరికే మందు లేదు.

ఆ వెలుగుకు పైన కత్తితో కోసినట్టు అడ్డంగా ఒక అంచు ఉండాలి. మెకానిక్‌లు దీన్ని కట్-ఆఫ్ అంటారు. ఈ పాఠం మొత్తంలో ఒక్క మాటే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. కట్-ఆఫ్ లేని లైటు ఎంత ఖరీదైనా, ఏ పేరుతో అమ్మినా, ఫాగ్ లైటు కాదు.

పసుపా, తెలుపా అన్నది కొట్లో అందరూ ముందుగా అడిగే ప్రశ్న. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందని మా నాన్న తరం నుంచీ వింటున్నాం. పొగమంచు బొట్లు వెలుగు తరంగాల కంటే చాలా పెద్దవి, అవి అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. చీల్చుకుపోవడమేమీ లేదు. అయితే పసుపులో నీలం పాలు తక్కువ కాబట్టి కంటికి చురుకు తగ్గుతుంది, తడిరోడ్డు మీద హాయిగా ఉంటుంది. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు; 6,000 కెల్విన్ల నీలిపాటి తెలుపు కంటే 3,000 చుట్టుపక్కల పసుపు నాకు ఇష్టం. ఇష్టమనే అంటున్నాను. యూరప్ నియమాల్లో ముందు ఫాగ్ లైటుకు తెలుపు, పసుపు రెండూ చెల్లుతాయి. నీలం, ఎరుపు, రంగులు మార్చే లైట్ల జోలికి పోవద్దు.

ఇక అసలు పాఠం. లైటు చేతిలోకి తీసుకుని గాజు మీద, లేదా దాని అంచున, అచ్చుపోసిన అక్షరాలు వెతకండి. సెల్‌ఫోన్ టార్చి ఏటవాలుగా వేస్తే తేలిగ్గా కనపడతాయి. గుండ్రటి సున్నాలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, పక్కన ఒక అంకె ఉంటే దాన్ని ఐక్యరాజ్యసమితి వాహన నియమాల ప్రకారం పరీక్షించి ఆమోదించారని అర్థం. ఆ అంకె ఆమోదం ఇచ్చిన దేశానిది: 1 అయితే జర్మనీ, 4 అయితే నెదర్లాండ్స్, 11 అయితే బ్రిటన్. వస్తువు తయారైన దేశం అదే అనుకోకండి. చైనాలో చేసిన లైటు మీద 4 ఉంటే అందులో మోసమేమీ లేదు.

సున్నాలో ‘ఈ’ కనపడగానే డబ్బు తీయొద్దు. ఆ ఆమోదం దేనికిచ్చారో పక్క అక్షరం చెబుతుంది. ముందు ఫాగ్ లైటు అయితే ‘బి’ గానీ ‘ఎఫ్3’ గానీ ఉండాలి. ‘బి’ పాత తరగతి. ‘ఎఫ్3’ తర్వాత వచ్చింది, వెలుగు పరుచుకునే తీరు విషయంలో మరింత గట్టి పరీక్ష, ఎల్‌ఈడీ ఫాగ్ లైట్ల మీద కనపడేది ఎక్కువగా ఇదే. ఒట్టి ‘ఎఫ్’ ఉంటే అది వెనక పెట్టే ఎర్ర ఫాగ్ లైటు. ‘హెచ్‌ఆర్’ ఉంటే హై బీమ్, దాన్ని ఫాగ్ లైటని అమ్మితే అబద్ధం.

‘సీఈ’ అని రెండక్షరాలు కలిపి రాసుంటే దాన్ని దీపం ఆమోదమని చూపిస్తారు. అది యూరప్‌లో మామూలు సరుకుల మీద తయారీదారు తనకు తాను వేసుకునే గుర్తు, వెలుగు ఎక్కడ పడుతుందో దానికి అనవసరం. ‘డాట్’ (DOT, అమెరికా రవాణా శాఖ పొట్టిపేరు) అని రాసున్నవీ దొరుకుతాయి. అమెరికా కేంద్ర దీపాల నియమంలో ఫాగ్ లైట్లకు ప్రమాణమే లేదు, కాబట్టి ఆ ముద్రకూ విలువ లేదు. గుర్తు అట్టపెట్టె మీదే ఉండి గాజు మీద లేకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. ‘ఆఫ్‌రోడ్ యూజ్ ఓన్లీ’ అని చిన్న అక్షరాల్లో ఉంటే తయారు చేసినవాడు నిజమే చెప్పాడు, మనం వినాలి.

ఇక్కడొక మెలిక ఉంది. మన దేశం ఆ ఆమోదాల్ని పరస్పరం ఒప్పుకునే 1958 నాటి ఒప్పందంలో లేదు. మనకు ఏఐఎస్ (ఆటోమోటివ్ ఇండస్ట్రీ స్టాండర్డ్స్) అనే సొంత ప్రమాణాలున్నాయి, దీపాలకు 010, వాటిని బండికి అమర్చే తీరుకు 008. పరీక్షలు చేసేది పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలు. అందువల్ల గాజు మీద ‘ఈ’ గుర్తు ఉందని రవాణా శాఖ ఇనస్పెక్టర్ ముందు వాదనకు దిగొద్దు. అది వెలుగు పరుచుకునే తీరు సరైనదనడానికి సాక్ష్యం, అనుమతి పత్రం కాదు. అన్నిటికంటే నిశ్చింతైన దారి, మీ బండి మోడల్లోనే పై వేరియంట్‌కు కంపెనీవాళ్లు ఇచ్చే ఫాగ్ లైటు కిట్. బంపర్లో గుండ్రటి మూత ఉన్నచోట సరిగ్గా కూర్చుంటుంది, ఆమోదమూ ఆ మోడల్‌తో పాటే వచ్చి ఉంటుంది. ధర మండుతుంది, అదొక్కటే బాధ.

ధర తగ్గించుకుందామని చాలామంది పాత హాలోజన్ డూమ్ (గాజు, రిఫ్లెక్టర్ కలిసిన దీపం గిన్నె) అలాగే ఉంచి, లోపల బల్బు మాత్రం ఎల్‌ఈడీది వేస్తారు. ఆ డూమ్‌లోని రిఫ్లెక్టర్‌ను హాలోజన్ తీగ వెలిగే చోటును లెక్కగట్టి మలిచారు. ఎల్‌ఈడీ చిప్పులు పలకకు రెండు వైపులా ఉంటాయి, వెలుగు వేరే చోట పుడుతుంది, కట్-ఆఫ్ చెదిరిపోతుంది. గాజు మీది ముద్ర కూడా ఆ హాలోజన్ బల్బుతో కలిపి ఇచ్చిందే, బల్బు మారిస్తే అది చెల్లదు. నా సలహా, మారిస్తే డూమ్‌తో సహా మార్చండి, లేకపోతే 55 వాట్ల హాలోజన్‌తోనే ఉండండి. మంచి డూమ్‌లో అది ఏమీ తక్కువ చేయదు.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 106వది, ముందు దీపం వెలుగు కిందికి వంగి ఉండాలని, 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున కన్నున్న మనిషికి మిరుమిట్లు గొలపకూడదని చెబుతుంది. అంటే పాలక్యాన్లతో మోపెడ్ మీద ఎదురొచ్చే మనిషి కన్నన్నమాట. 111వది, అధికారి ముందస్తు అనుమతి లేకుండా ముందు వైపు స్పాట్‌లైట్లు, సెర్చ్‌లైట్లు వద్దంటుంది. టాపు మీద పొడుగాటి ఎల్‌ఈడీ బార్ బిగించుకుని తిరిగే కుర్రాళ్లకు ఇది వినిపించండి. అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

ఎత్తు విషయంలో ఐక్యరాజ్యసమితి 48వ నియమం కార్లకు నేల నుంచి 25 సెంటీమీటర్లకు తగ్గకుండా, 80కి మించకుండా పెట్టమంటుంది. బంపర్ అంచుల వైపు, రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, హెడ్‌లైటు కంటే పైన ఉండకూడదు.

మన ప్రాంతానికి ఇంకో రెండు చూసుకోవాలి. కొత్తపట్నం, మైపాడు వైపు తిరిగే బండికి ఉప్పుగాలి తగులుతుంది. బ్రాకెట్ స్టెయిన్‌లెస్ స్టీలుది కాకపోతే ఏడాదికే తుప్పు. నీళ్లకు ఐపీ67 ఉంటే చాలు, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి తడి పోకూడదు. రెండోది ఎవరూ చెప్పరు: ఎల్‌ఈడీ గాజు వేడెక్కదు. హాలోజన్ వేడికి మంచు తడి ఆరిపోయేది, దీనికి ఆరదు. టీ తాగడానికి ఆగినప్పుడల్లా గుడ్డతో తుడవండి.

ఇప్పుడు గోడ దగ్గరకు పదండి. నేల నుంచి ఫాగ్ లైటు మధ్య భాగానికి ఎత్తు కొలవండి, 60 సెంటీమీటర్లు అనుకుందాం. 5 మీటర్ల దూరంలో గోడ మీద వెలుగు పైఅంచు దాని కంటే 10 సెంటీమీటర్లు కిందుగా, అంటే 50 దగ్గర ఆగాలి; పాత గీత కింద గీయాల్సిన రెండో గీత ఇక్కడే. ఆగకపోతే లైటు వెనకున్న స్క్రూ తిప్పండి. అంచు అడ్డంగా తిన్నటి గీతలా ఉందా, వెలుగు పక్కలకు పరుచుకుందా, పైన గోడ చీకటిగా ఉందా చూడండి. పైన మసకగా వెలుగు చిమ్ముతుంటే, ఎంత తిప్పినా పోకుంటే, ఆ లైటు వెనక్కిచ్చేయండి. నేను నా 12,000 ల్యూమెన్ల జతను ఈ గోడ దగ్గరే పట్టుకున్నాను. గోడ మీద గుండ్రటి పెద్ద మచ్చ, అంతే, అంచే లేదు. కొట్టతను వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడవి మా పశువుల కొట్టంలో వెలుగుతున్నాయి, గేదెలకు అభ్యంతరం లేదు.

ఇంటిపని: మీ వీధిలో నిలిపి ఉన్న మూడు బండ్ల ఫాగ్ లైట్ల గాజుల మీద ఏమేం రాసుందో నోటు పుస్తకంలో ఎక్కించండి, అడిగే చూడండి సుమా. ఒక్కదాని మీదైనా ‘బి’ గానీ ‘ఎఫ్3’ గానీ దొరకాలి. వచ్చే పాఠంలో రిలేకు 30, 85, 86, 87 అని నాలుగు కాళ్లు ఎందుకున్నాయో, 15 వాట్ల రెండు లైట్లకు ఎంత ఫ్యూజ్ వేయాలో చూద్దాం. అందాకా వైర్లు కోయకండి.