షుగర్ ఉన్నవారికి మలబద్ధకం: ఇసబ్‌గోల్ కలిపే ముందు

షుగర్ ఉన్నవారికి విరేచనం సాఫీగా కాకపోతే చాలా ఇళ్లలో ముందు ఇసబ్‌గోల్ తెస్తారు. మంచి మందే. కానీ కారణం చూసుకోకుండా వాడితే కొందరికి కడుపు ఇంకా బిగుస్తుంది.

ముందు షుగర్ చూడండి. కొన్ని రోజులుగా 200 పైనే ఉంటే మూత్రంలో నీరు బాగా పోతుంది. ఆ లోటుకి పెద్దపేగు మలంలోని తడిని పీల్చేస్తుంది, మలం ఉండలు కడుతుంది. షుగర్ దిగకుండా ఏ పొడి తాగినా సగం ఫలితమే.

తర్వాత మందుల చీటీ. ఐరన్, క్యాల్షియం, అరికాళ్ల మంటలకిచ్చే అమిట్రిప్టిలిన్, బీపీకి వెరపమిల్, షుగర్‌కీ బరువు తగ్గడానికీ ఇచ్చే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు మలబద్ధకం తెస్తాయి. సొంతంగా మానేయకండి, వేరే మందు ఉందేమో డాక్టరును అడగండి. మెట్‌ఫార్మిన్‌తో ఎక్కువగా నీళ్ల విరేచనాలే అవుతాయి. థైరాయిడ్ తగ్గినా మలబద్ధకం వస్తుంది, ఆ పరీక్ష కూడా చేయించాలి.

అన్నిటికంటే ముఖ్యం ఇది: నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, ఎప్పుడో తిన్నది గంటల తర్వాత వాంతిలో రావడం, ఇన్సులిన్ వేసుకున్నాక షుగర్ పడిపోయి ఆ తర్వాత ఎగబాకడం ఉంటే, నరాలు దెబ్బతిని జీర్ణాశయం నెమ్మదించి ఉండవచ్చు. వీళ్లు పీచు పెంచకూడదు. కొంచెం కొంచెంగా, మెత్తగా, నూనె తగ్గించి తినాలి, డాక్టరుకు చూపించుకోవాలి.

ఆ ఇబ్బంది లేనివారు పీచు పెంచవచ్చు, అయితే రెండు మూడు వారాల్లో మెల్లగా. ఒక్కసారిగా పెంచితే గ్యాసు, ఉబ్బరం. మధ్యాహ్నం అన్నం తగ్గించి కప్పు తోటకూర పప్పో గోరుచిక్కుడు కూరో పెట్టుకోండి. రాత్రికి జొన్నరొట్టె, సాయంత్రం ఓ మోస్తరు జామకాయ. నానబెట్టిన ఖర్జూరాలు, కిస్‌మిస్‌లు విరేచనానికి మంచివే కానీ షుగర్ పెంచుతాయి. కిడ్నీ, గుండె జబ్బు లేకపోతే రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా నీళ్లు తాగాలి. నీళ్లు లేని పీచు పేగులో గడ్డకట్టుకుపోతుంది.

ఇసబ్‌గోల్ చక్కెర కలపని రకమే కొనండి. ఒక టీస్పూను పెద్ద గ్లాసు నీళ్లలో వేసి, కలిపిన వెంటనే తాగాలి. కాసేపు ఉంచితే జిగురుముద్ద అవుతుంది, మింగుడు పడదు. పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగండి. మిగతా మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే అవి సరిగా ఒంటికి పట్టవు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడేవారు షుగర్ తగ్గుతోందేమో తరచుగా చూసుకోవాలి.

టిఫిన్ తిన్న అరగంటలోపు పేగు కదలిక ఎక్కువగా ఉంటుంది. అప్పుడే కూర్చోండి, పది నిమిషాలు చాలు. కమోడ్ అయితే కాళ్ల కింద జానెడు ఎత్తు పీట వేసి, కాస్త ముందుకు వంగండి. ముక్కకండి. షుగర్ వల్ల కంటి రెటీనాలో (కంటి లోపలి పొరలో) కొత్త రక్తనాళాలు పుట్టినవారికి ఆ ఒత్తిడితో కంట్లో రక్తం కారే ప్రమాదం ఉంది.

ఇవేవీ పనిచేయకపోతే డాక్టరు మలాన్ని మెత్తబరిచే పాలిథిలీన్ గ్లైకాల్ పొడి రాయవచ్చు, అది షుగర్ పెంచదు. ఆముదం, సునాముఖి చూర్ణం రోజూ వేసుకోవద్దు.

మలంలో రక్తం, నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, 45 దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం: వీటిలో ఏదున్నా ఇంటి వైద్యం ఆపి డాక్టరును కలవండి. కడుపు ఉబ్బి, గ్యాసు కూడా పోక, వాంతులవుతుంటే అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి.