చాయ్‌లో చక్కెర బదులు తీపి గోలీలు: ఎలా వాడాలి?

ఇంట్లో ఒకరికి షుగర్ బయటపడిందంటే మొదట ఆగేది చాయ్‌లో చక్కెరే, ఆ తర్వాత ఎవరో ఒకరు మెడికల్ షాపుకు పోయి తీపి గోలీల డబ్బా తెస్తారు. తేవడం మంచిదే, కానీ వాడే తీరు తెలియాలి.

కొనే ముందు డబ్బా వెనక చదవండి. ఈ గోలీల్లో తీపినిచ్చే ఆస్పర్టేమ్, సుక్రలోజ్, స్టీవియా రక్తంలో గ్లూకోజ్‌ను దాదాపు పెంచవు. పొడి ప్యాకెట్లలో మాత్రం చాలాసార్లు డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజే), మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి పదార్థం) కలుపుతారు, చెంచాల కొద్దీ వేసుకుంటే షుగర్ పెరుగుతుంది. చక్కెర లేదని రాసిన బిస్కెట్లలో మైదా ఉండనే ఉంటుంది. ఇక బెల్లం, తేనె అంటారా, అవి చక్కెర కిందికే లెక్క.

ఆస్పర్టేమ్ ఎక్కువసేపు మరిగితే తీపి పోతుంది, అందుకే చాయ్ గ్లాసులో పోశాకే వేయండి. ఉగాది భక్ష్యాల పూర్ణం ఈ గోలీలతో ముద్ద కట్టదు. బెల్లంవే ఒకటి తిని ఆ పూట అన్నం తగ్గించుకోవడం నయం.

ఆస్పర్టేమ్‌తో క్యాన్సర్ అని 2023లో వార్తలొచ్చినప్పటి నుంచి చాలామందికి టెన్షన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని 'కారకం కావచ్చు' అనే జాబితాలో పెట్టిన మాట నిజమే, కానీ కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల హద్దును నిపుణులు అప్పుడూ మార్చలేదు. అంటే 60 కిలోల మనిషికి 2,400 మిల్లీగ్రాములు, మూడు నాలుగు చాయ్‌ల గోలీలు ఆ దరిదాపులకు కూడా రావు. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బున్నవాళ్లు దాన్ని ముట్టుకోవద్దు. గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే వాడాలి. షుగర్ లేనివాళ్లు బరువు తగ్గడానికని మొదలుపెట్టొద్దు, అలా వాడొద్దని ఆ సంస్థే 2023లో చెప్పింది. చక్కెరను అరచెంచా చొప్పున తగ్గించుకుంటూ పోతే నాలుక మెల్లగా అలవాటు పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట, ఇంట్లో అందరికీ చెప్పండి. దేవరకొండ, అచ్చంపేట వైపు పత్తి ఏరే రోజుల్లో ఇన్సులిన్ వేసుకుని సరిగా తినకుండానే చేనుకు పోయేవాళ్లుంటారు. చేతులు వణికి, చెమటలు పట్టి, మాట తడబడితే షుగర్ పడిపోయి ఉండొచ్చు. అప్పుడు తీపి గోలీ ఇస్తే నాలుకకు తీపి తప్ప రక్తానికి అందేదేమీ లేదు. మూడు చెంచాల అసలు చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, 15 నిమిషాలకు తగ్గకపోతే ఇంకోసారి ఇవ్వండి, తేరుకున్నాక జొన్నరొట్టో అన్నమో పెట్టండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.