వీధి ఫొటో పాఠాలు – 4: గొడవ చూస్తున్నవాళ్ల మొహాలు

పోయిన పాఠంలో లెన్స్‌ను ముందే ఒక దూరానికి సెట్ చేసి పెట్టుకుని, వీధిలో ఫోకస్ సంగతే పట్టించుకోకుండా తిరగడం నేర్చుకున్నాం. కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్స్ ఉన్నవాళ్లకు మళ్లీ ఒకసారి: 18 ఎంఎం దగ్గర పెట్టండి, అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్ 8, మాన్యువల్ ఫోకస్ 2 మీటర్లు. మీటరు దూరం నుంచి వీధి చివరిదాకా అంతా స్పష్టంగా వస్తుంది. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 28 ఎంఎం లెన్స్ ఉంటే అదే ఎఫ్ 8 దగ్గర 3.3 మీటర్లకు పెట్టుకోండి, సుమారు 1.7 మీటర్ల నుంచి అవతలిదంతా స్పష్టమే. ఈ లెక్క చేతికి అలవాటైతేనే ఈ పాఠం ఉపయోగపడుతుంది. ఎందుకంటే ఈసారి మనం వెళ్లేది ఆలోచించుకునే టైము ఇవ్వని చోటికి.

చౌక్‌లో ఇద్దరు కొట్టుకుంటున్నారు. లేదా మోర్చా మీద, అంటే నిరసన ఊరేగింపు మీద, పోలీసులు లాఠీలు ఎత్తారు. లేదా రోడ్డు మీద ఎవరో పడి ఉన్నారు, చుట్టూ జనం మూగారు. కెమెరా ఎటు తిప్పాలి? దాదాపు అందరూ మధ్యలోకే తిప్పుతారు, ఫోన్లు కూడా అటే ఉంటాయి. మీరు మాత్రం ముందు చూస్తున్నవాళ్ల వైపు తిరగండి. రక్తం ఏ ఊళ్లోనైనా ఒకేలా ఉంటుంది. ఆ రక్తం చూసి ఈ వీధిలో ఎవరు ఏడ్చారు, ఎవరు మొహం తిప్పుకున్నారు, ఎవరు ఇంకా ముందుకు తోసుకొచ్చారు అన్నది మాత్రం ఆ ఊరిదే. మీ ఫొటోలో ఊరు కనపడాలంటే ఆ మొహాలు కావాలి.

ఈ పని అందరికంటే బాగా చేసిన మనిషి ఆర్థర్ ఫెలిగ్. వీజీ అన్న పేరుతోనే లోకానికి తెలుసు. 1899లో ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న జోలోచివ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే ఇంటివాళ్లతో న్యూయార్క్ వలస వెళ్లి అక్కడి పేదల పేటలో పెరిగాడు. మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి మహారాష్ట్రలోని ఈ సోలాపూర్‌కు వచ్చిన మన తాతల పిల్లలకు ఆ బతుకు గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. వీజీ పోలీసు హెడ్‌క్వార్టర్స్ వెనకాలే గది తీసుకున్నాడు. 1938లో పోలీసు రేడియో వినడానికి అనుమతి సంపాదించి కారులో పెట్టించుకున్నాడు. కారు డిక్కీలో ఫ్లాష్ బల్బులు, ఫిల్ము, టైప్‌రైటర్, చుట్టలు. రాత్రంతా ఊరు తిరిగి, తెల్లారేలోపు పత్రికలకు ఫొటోలు అమ్మేవాడు. కెమెరా సెట్టింగ్ ఎప్పుడూ ఒకటే: ఎఫ్ 16, సెకనులో 200వ వంతు, ఫోకస్ పది అడుగులు. మనం పోయిన పాఠంలో నేర్చుకున్నదే కదా!

1941 అక్టోబరులో బ్రూక్లిన్‌లో ఒక జూదగాడిని నడివీధిలో కాల్చి చంపారు. అప్పుడే బడి వదిలారు, పిల్లలు పరిగెత్తుకొచ్చారు. వీజీ తీసిన ఆ ఫొటోలో శవం లేదు. ఫ్రేమ్ నిండా పిల్లల మొహాలే. ఒకడు మెడ సాచి చూస్తున్నాడు, ఒకడి మొహంలో నవ్వులాంటిది ఉంది, వెనకవాళ్లు ముందువాళ్లను తోస్తున్నారు. వాళ్ల మధ్య ఒక పెద్దావిడ ఏడుస్తోంది. చనిపోయినవాడికి ఆమె బంధువు. ఆ ఒక్క మొహం తీసేసి చూడండి, మిగిలినవాళ్లు ఏదో తమాషా చూస్తున్నారనిపిస్తుంది. ఆమె ఉండబట్టే మిగతా మొహాలన్నిటికీ అర్థం వచ్చింది. ఈ ఫొటోను Their First Murder అన్న పేరుతో నెట్‌లో వెతికి పెద్దది చేసుకుని ఒక పావుగంట చూడండి. ఒక్కో మొహం మీద వేలు పెట్టి, వీడు ఎటు చూస్తున్నాడు అని అడుగుతూ పోండి.

వీజీ దగ్గర నేర్చుకోకూడనిది కూడా ఉంది. 1943లో అతను తీసిన ఇంకో పేరున్న ఫొటోలో ఒపేరాకు వచ్చిన ఇద్దరు ధనవంతులైన ఆడవాళ్లను ఒక పేదరాలు గుర్రుగా చూస్తూ ఉంటుంది. ఆ పేదరాలికి మందు తాగించి, పనిగట్టుకుని అక్కడికి తీసుకొచ్చి నిలబెట్టారని అతని అసిస్టెంటే తర్వాత చెప్పాడు. ఫొటో గొప్పగా ఉంది కాబట్టి సరే అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. వీధిలో తీసిన ఫొటోకు విలువ ఒక్క నమ్మకంతోనే వస్తుంది. మతం పేరుతో, కులం పేరుతో క్షణంలో రాజుకునే మన ఊళ్లలో, తయారుచేసిన ఫొటో ఒక ఇంటిని కాల్చగలదు.

ఇక మన వీధిలోకి వద్దాం. సోలాపూర్‌కు గొడవలు కొత్త కాదు. 1930 మేలో గాంధీ అరెస్టు వార్త వచ్చాక ఇక్కడ జనం వీధుల్లోకి వచ్చారు, కాల్పులు జరిగాయి, ఆ నెలలోనే మార్షల్ లా పెట్టారు. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ షిండే, శ్రీకిసన్ సార్డాలను ఆ గొడవల కేసులో 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరితీశారు. ఏటా ఆ తేదీన చార్ హుతాత్మా చౌక్‌లో విగ్రహాలకు దండలు వేస్తారు. అదే రోజుల్లో, సంక్రాంతికి, సిద్ధేశ్వరుడి జాతర. తెల్లటి బారాబందీ (ముడులు వేసి కట్టుకునే పాతకాలం చొక్కా) బట్టల్లో నందిధ్వజాలనే పొడవాటి కర్రలు ఎత్తుకుని నడిచేవాళ్లు, వాళ్ల చుట్టూ ఇసకేస్తే రాలని జనం. గుంపులో పనిచేయడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు. జాతరలో చేతికి రాని పని లాఠీచార్జిలో రాదు. నారళీ పున్నమికి, అంటే రాఖీ పున్నమికి, మార్కండేయ రథం వెంట నడిచినా ఇదే అభ్యాసం దొరుకుతుంది.

జాతరలో దేవుడికి వీపు పెట్టి నడవడం అలవాటు చేసుకోండి. దేవుడి మీద గౌరవం తగ్గి కాదు, జనం మొహాలు అటువైపే ఉంటాయి కాబట్టి. గుంపు అంచున ఉండండి, లోపలికి రెండడుగులు వేసి మళ్లీ అంచుకు రండి. కెమెరా కంటి దగ్గర ఉన్నప్పుడు రెండో కన్ను తెరిచే ఉంచండి. ఇది ముందు కష్టంగా ఉంటుంది, వారంలో వచ్చేస్తుంది. ఆ రెండో కన్నే మిమ్మల్ని తొక్కిసలాట నుంచి కాపాడేది.

తర్వాత మోర్చా. మన దగ్గర బీడీ కార్మికుల మోర్చాలు తరచూ జరుగుతాయి, అందులో ఎక్కువమంది మన తెలుగు ఆడవాళ్లే. పత్రికల్లో వచ్చే ఫొటో మాత్రం ప్రతిసారీ ఒకటే: బ్యానర్, ఎత్తిన పిడికిళ్లు, ముందు వరసలో నాయకులు. అది రెండు నిమిషాల్లో తీసి పక్కన పెట్టండి. మోర్చాలో అసలు సరుకు ఎదురుచూసే గంటల్లో ఉంటుంది. వినతిపత్రం ఇవ్వడానికి నాయకులు లోపలికి వెళ్తారు, బయట రోడ్డు మీద వేలమంది కూర్చుని ఉంటారు. చెప్పులు విప్పి కిందేసుకుని కూర్చున్నవాళ్లు, కొంగు ఎండకు అడ్డం పెట్టుకున్న ముసలమ్మ, చంటిదానికి పాలసీసా పట్టిన కోడలు, డ్యూటీలో నిలబడి వాళ్లు తాగే టీ బండి దగ్గరే చాయ్ తాగుతున్న కానిస్టేబుల్. తర్వాత కెమెరా చేతుల మీదికి దించండి. ఏళ్ల తరబడి తునికాకు కత్తిరించిన చూపుడువేలు కొస, దారం చుట్టీ చుట్టీ గట్టిపడ్డ బొటనవేలు. ఆ వేళ్లలో జెండా కర్ర ఉంటే, ఆ ఒక్క ఫొటో మోర్చా ఎందుకో చెప్పేస్తుంది.

అయితే ఆ వేళ్లు మీకు మోర్చా రోజున దొరకవు. మామూలు రోజున కార్ఖానా దగ్గర బీడీలు అప్పజెప్పే వరసలో మీరు ఆ మొహాలను చూసి ఉండాలి. "పెద్దమ్మా, ఒక ఫొటో తియ్యనా?" అని అడిగితే "తియ్యి బిడ్డా, గని ఈ బీడీలు గూడ కనవడాలె" అని చాట ముందుకు జరిపే మనిషి, రేపు మోర్చాలో మీకు చోటిస్తుంది. కొత్తవాడి కెమెరా చూస్తే జనం పోజు పెడతారు, లేదా తిరగబడతారు. పరిచయమైన కెమెరా ముందు తమ పని తాము చేసుకుంటారు. పెద్ద నగరానికి పనిమీద వెళ్లేవాళ్లకు, ముంబయి అయినా హైదరాబాద్ అయినా, ఇదే మాట. ఊరంతా తిరగకండి. ఒక చౌక్, ఒక టీ బండి, ఒక బస్టాపు పట్టుకుని నెలల తరబడి అక్కడే ఉండండి. గొడవ రోజున ఏ సందు ఎటు తేలుతుందో మీకు తెలియాలి.

గొడవ ముదిరినప్పుడు ఇవి మాత్రం గట్టిగా పట్టుకోండి. రాళ్లు వేసేవాళ్లకూ పోలీసులకూ మధ్యలో ఎప్పుడూ ఉండకూడదు, పక్కనుంచి తీయాలి. వీపు వెనక గోడో, మూసిన షట్టరో ఉండాలి, తప్పుకోవడానికి ఒక సందు కనిపెట్టి ఉంచుకోవాలి. టియర్ గ్యాస్ వేస్తే గాలి ఎటు నుంచి వస్తుందో అటు పోండి, కళ్లు నలపకండి, కాంటాక్ట్ లెన్స్ ఆ రోజు పెట్టుకోవద్దు. చెప్పులతో వెళ్లొద్దు. జమావ్‌బందీ, అంటే ఒకప్పటి 144, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్. అది పెట్టారంటే గుమిగూడడమే నేరం. "నేను ఫొటోలు తీస్తున్నాను" అన్న మాట అక్కడ పనిచేయదు. పోలీసు వెనక్కి పొమ్మంటే వెనక్కి రండి, వాదన వద్దు. దర్యాప్తు పేరుతో కెమెరా తీసుకుంటే పంచనామా, అంటే ఏం తీసుకున్నారో రాసిన కాగితం, మర్యాదగా అడగండి.

రాత్రిపూట సంగతి వేరే. కిట్ లెన్స్ ఎఫ్ 3.5కు తెరిచారంటే, 2 మీటర్ల ఫోకస్‌తో స్పష్టంగా వచ్చేది దాదాపు 1.4 నుంచి 3.5 మీటర్ల దాకానే. కాబట్టి దగ్గరికి వెళ్లక తప్పదు. తక్కువ వెలుతురులోనూ ఫొటో వచ్చేలా ఐఎస్ఓ 3200 పెట్టండి, గ్రెయిన్‌కు (ఫొటోలో పడే గరుకు చుక్కలకు) భయపడొద్దు. చప్పుడు రాని సైలెంట్ షట్టర్ వాడితే ఎల్‌ఈడీ బల్బుల కింద ఫొటోలో చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, అందుకని. షట్టర్ సెకనులో 100వ వంతు దగ్గర పెడితే చాలావరకు పోతాయి. ఏడుస్తున్న మనిషి మొహంలోకి ఫ్లాష్ కొట్టడం మాత్రం నేను ఎవరికీ నేర్పను.

ఎవరిని చూపించకూడదో చట్టమే చెప్పింది. అత్యాచార బాధితురాలిని గుర్తుపట్టేలా ఏదీ బయటపెట్టకూడదు, న్యాయ సంహిత 72వ సెక్షన్. లైంగిక నేరాల్లో పిల్లల విషయంలో పోక్సో 23, కేసుల్లో చిక్కుకున్న పిల్లలకు జువెనైల్ జస్టిస్ చట్టం 74. మొహం మసకబార్చితే సరిపోదు. ఇంటి గుమ్మం, బడి యూనిఫారం, పక్కన నిలబడ్డ తల్లి, వీటిలో ఏ ఒక్కటి చాలు పేటలో అందరికీ తెలిసిపోవడానికి. అలాంటి చోట కెమెరా సంచిలో పెట్టేయండి. గొడవ నడుస్తుండగా లైవ్ పెట్టడం, వాట్సాప్‌లో పంపడం కూడా వద్దు. తేదీ లేని ఫొటో మరో ఊరి గొడవకు నిప్పవుతుంది. ఒరిజినల్ ఫైలు మాత్రం ముట్టుకోకుండా దాచండి, కోర్టు అడిగితే అదే సాక్ష్యం.

ఈసారి పని ఇది. మీ పేటలో వారపు సంతకో, పెళ్లి ఊరేగింపుకో వెళ్లి, మధ్యలో జరుగుతున్నది ఒక్కసారి కూడా తీయకుండా, చూస్తున్నవాళ్లనే తీయండి. పన్నెండు ఫొటోలు మిగుల్చుకోండి. ఒక్కో దాని కింద చోటు, తేదీ, వేళ, వాళ్లు దేన్ని చూస్తున్నారో రాయండి. రాసింది కనపడనివ్వకుండా ఫొటో మాత్రమే ఇంట్లో ఎవరికైనా చూపించి, "వీళ్లు ఏం చూస్తున్నారు?" అని అడగండి. వాళ్లు చెప్పిన జవాబు కూడా కిందే రాసుకోండి. ఐదో పాఠంలో ఆ పన్నెండింటిలోంచి మూడు ఎలా ఎంచుకోవాలో చూద్దాం.